ఇద్దరికీ ఒకటే మందు చెప్పాను

ఎమ్మిగనూరు ప్రభుత్వాసుపత్రిలో పళ్ళ విభాగమంటే ఒకటే గది. వరండా చివర, ఎక్స్‌రే గది దాటాక, సైకిళ్ళు నిలబెట్టే రేకుల షెడ్డు పక్కన ఉండేది. అందులోని కుర్చీ నాకంటే సీనియర్. పైకి లేపితే లేచేది గానీ, కిందికి దిగాలంటే దానికి బుద్ధి పుట్టాలి. రిటైరయ్యాక నాకు అన్నిటికంటే లోటుగా అనిపించేది, ఆ కుర్చీలో నోరు తెరవబోయే ముందు మనుషులు చెప్పుకునే రెండు మాటలు. పన్ను నొప్పి చెప్పబోయి సంసారం చెప్పేసేవాళ్ళు. ఇప్పుడు పొద్దున్నే లేచి కాఫీ తాగుతూ ఉంటే, నాకు ఎవరూ ఏమీ చెప్పడం లేదే అనిపిస్తుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు కొందరు ఫోన్ చేస్తుంటారు. "మేడం, ఇక్కడ పీకడం తప్ప పనేముంది?" అని విసుక్కుంటారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇందులో నేను పీకిన పన్ను ఒక్కటి కూడా లేదు.

ఆదోని మాకు బస్సులో గంట దూరం. అక్కడ మా దానికంటే పెద్దాసుపత్రి ఉంది, ప్రైవేటు పళ్ళ డాక్టర్లు కూడా ఉన్నారు. అయినా ఆదోని నుంచి కొందరు పని గట్టుకొని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. వాళ్ళ ఊళ్ళో లేనిది నా దగ్గర ఏముందా అని కొంతకాలం గర్వపడ్డాను కూడా. ఆ గర్వం మా సిస్టర్ దించింది. ఆమె పెద్దకడుబూరు మనిషి, నా గదిలోనే చాలా ఏళ్ళు పని చేసింది. గాజుగుడ్డ కత్తిరిస్తూ తలెత్తకుండా అంది: "ఆదోనిలో వాళ్ళని గుర్తుపట్టనోళ్ళు యాడున్నారు మేడం? దాచిపెట్టుకునే నొప్పయితే ఈడికొస్తారు."

అలా వచ్చినవాడే ఆ పత్తి వ్యాపారి. ఆదోని మార్కెట్ యార్డులో తాతల నాటి మండీ. ఎండాకాలం, మధ్యాహ్నం పూట, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కాతో వచ్చాడు. నోట్లో లవంగం. చల్లనీళ్ళు తాగితే ముందు పళ్ళు జివ్వుమంటున్నాయన్నాడు.

పై వరస ముందు పళ్ళ వెనక వైపు అద్దం పెట్టి చూశాను. పైపూత మొత్తం కరిగిపోయి నున్నగా ఉంది. అంచులు ఎంత పలచబడ్డాయంటే దీపం వెలుతురు అవతలికి కనిపిస్తోంది. చెవుల కింద రెండు బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి. తినే తిండి వల్ల పళ్ళు పాడైతే గుంతలు పడతాయి, నల్లబడతాయి. ఇలా లోపలి వైపు మాత్రమే అరిగిందంటే కడుపులోని ఆమ్లం మళ్ళీ మళ్ళీ పైకి వస్తోందని అర్థం.

"వాంతులవుతాయా?" అన్నాను.

ఆయన తలుపు వైపు చూశాడు. మా సిస్టర్ దూది తెస్తానని బయటికి పోయి తలుపు దగ్గరగా వేసింది.

"పొద్దున లేస్తూనే అయితాయమ్మా," అన్నాడు.

"రాత్రిపూట తాగుతారా?"

"రాత్రిపూటే అయితే మీదాకా యాల వస్తా డాక్టరమ్మా?"

ఆదోని ఆసుపత్రికి వారానికొకసారి కర్నూలు నుంచి మానసిక వైద్యుడు వస్తాడనీ, తాగుడు మాన్పించడానికి ఆయన దగ్గర మందులున్నాయనీ చెప్పాను. ఆయన నవ్వాడు. "ఆ వరండాలో చీటీ పట్టుకొని కూసుంటే, మరుసటి దినం యార్డులో పత్తి ధర కంటే ముందు నా సంగతే పలుకుతారు."

ఇక నా చేతిలో ఉన్నది చేశాను. అరిగిన చోట పూత వేశాను. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయవద్దని చెప్పాను, ఆ సమయంలో పన్ను మెత్తగా ఉంటుంది, తోమితే ఇంకా అరుగుతుంది. గ్లాసు నీళ్ళలో కొంచెం వంటసోడా కలిపి పుక్కిలించమన్నాను. తన చేతనయ్యే పని ఒకటి చెప్పినందుకు ఆయన ముఖం తేటపడింది. "ఇదొకటి మాత్రం తప్పకుండా చేస్తానమ్మా," అన్నాడు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు వచ్చి పూత వేయించుకుని పోయేవాడు. నేను ప్రతిసారీ ఆ మానసిక వైద్యుడి సంగతి ఎత్తేదాన్ని, ఆయన ప్రతిసారీ వానల సంగతి ఎత్తేవాడు.

దసరా అయ్యాక ఒక తల్లీకూతుళ్ళు వచ్చారు. అమ్మాయి డిగ్రీ పూర్తయి ఇంట్లో ఉంది. సంబంధం కుదిరిందట. ఫోటోల్లో ముందు పళ్ళ అంచులు విరిగినట్టు కనిపిస్తున్నాయి, పెళ్ళిలోగా బాగు చేయాలని తల్లి చెప్పింది. ఆదోనిలో చూపిస్తే పెళ్ళికొడుకు తరఫు వాళ్ళకు తెలుస్తుందని ఇంత దూరం తీసుకొచ్చింది.

"తీపంటే ప్రాణం డాక్టరమ్మా," అంది తల్లి. "ఓళిగలు చేసి పెడితే డబ్బా ఖాళీ. అంత తిన్నా ఒళ్ళు పట్టదు. ఆ బుగ్గలు మాత్రం సూడండి, అచ్చం వాళ్ళ నాయన బుగ్గలే."

అప్పటికే అమ్మాయి నోరు తెరిచింది. నేను అద్దం పెట్టి చూసి, తలెత్తి మా సిస్టర్ వైపు చూశాను. ఆమె అమ్మాయి బుగ్గల వైపు చూస్తోంది. మా ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు. ఓపీ చీటీలో రాయించిన ఇంటిపేరు కూడా అదే.

తల్లిని ఎక్స్‌రే రాయించడానికి సిస్టర్ బయటికి తీసుకెళ్ళింది. నేను గొంతు తగ్గించి, తండ్రిని అడిగిన ప్రశ్నే కూతుర్నీ అడిగాను.

"అమ్మకు చెప్తారా?" అంది ఆ అమ్మాయి.

"నువ్వు చెప్పమంటే తప్ప చెప్పను."

గోడకున్న పళ్ళ బొమ్మ వైపు తల తిప్పుకుంది. తర్వాత చెప్పింది. ఇంటర్ చదివేటప్పుడు మొదలైందట. సాయంత్రమైతే నాయన తాగి వస్తాడు, అమ్మ మాట్లాడదు, ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. తను వంటింట్లో నిలబడి చేతికందింది తింటూ పోతుంది. రుచి కూడా తెలియదు. ఆ తర్వాత తన మీద తనకే రోత. అంతా బయటికి పంపేస్తే కానీ ఆ రోత పోదు.

"అయిపోయినాక ఒక నిమ్మళం వస్తుంది మేడం. దాని కోసమే. ఇంగెప్పుడూ చెయ్యనని దినాం ఒట్టు పెట్టుకుంటా. పొద్దు గూకే సరికి ఆ ఒట్టు యాడ పోతుందో తెల్దు."

కొన్నాళ్ళు బలవంతంగా తిండి మానేస్తుందనీ, దాని వెనకే మళ్ళీ ఇది వస్తుందనీ చెప్పింది. పెళ్ళిచూపుల్లో ఎవరో నడుము చూసి ఏదో అన్నారట. ఆ మాట నాకు చెప్పలేదు, చెప్పబోయి ఆపేసింది.

నేను మానసిక వైద్యుడి పేరు ఎత్తగానే చేయి అడ్డం పెట్టింది. "పిచ్చి డాక్టరు దగ్గరికి పోయినానని తెలిస్తే ఈ సంబంధం కాదు, ఏ సంబంధమూ రాదు." సరేనని ఆమెకూ చెప్పాను: వెంటనే బ్రష్ చేయకు, వంటసోడా నీళ్ళతో పుక్కిలించు. ఆ మాట చెప్తున్నప్పుడు నాకు వింతగా అనిపించింది గానీ, పళ్ళకు వేరే సలహా లేదు.

ఆ రోజే రక్తపరీక్ష చేయించాము. ఒంట్లో ఉండాల్సిన లవణాలు బాగా పడిపోయి ఉన్నాయి. ఆదోనికి వచ్చే ఆ మానసిక వైద్యుడికి, పేరు చెప్పకుండా, ఫోన్ చేస్తే, "ఇలాగే పోతే గుండె ఉన్నట్టుండి లయ తప్పొచ్చు మేడం, పళ్ళ పూతలతో ఆగే పని కాదిది," అన్నాడు. మా ఆసుపత్రి డాక్టరు మందులు రాశాడు. రక్తం తక్కువని తల్లికి చెప్పుకుంది అమ్మాయి.

తండ్రికి కూతురి సంగతి తెలియదు, తను వచ్చిన చోటికే తండ్రి వస్తాడని కూతురికి తెలియదు. ఎవరి గుట్టు వాళ్ళు నమ్మి నాకిచ్చారు. పని ముగించి చేతులు కడుక్కుంటూ మా సిస్టర్ అంది: "ఒకే ఇంట్లో ఇద్దరూ తలుపేసుకొని ఒకే బాధ పడతాండారు. మనమిద్దరం ఈడ నోరు మూసుకొని కూసున్నాం. ఏం ఉద్యోగం మేడం ఇది?"

అమ్మాయికి వారానికొకసారి ఫోన్ చేసేదాన్ని. పళ్ళ గురించి అడిగినట్టే అడిగి మిగతాది వినేదాన్ని. పెళ్ళి దగ్గర పడేకొద్దీ ఆమె గొంతు సన్నబడుతూ వచ్చింది. ఒకసారి మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూర్చుండిపోయానని చెప్పింది. ఎవరికైనా చెప్పమని బతిమాలాను. "ఎవరికి చెప్పమంటారు?" అంది. నా దగ్గర సమాధానం ఉంది, చెప్పే హక్కు లేదు.

తర్వాత ఒక ఉదయం, నేను గది తాళం తీసే వేళకు ఆ పత్తి వ్యాపారి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. లవంగం వాసన లేదు, మందు వాసన కూడా లేదు. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చోకుండా నిలబడ్డాడు.

"నా కూతురు మీ దగ్గరికొచ్చిందా డాక్టరమ్మా?"

"ఎవరొచ్చారో నేను ఎవరికీ చెప్పనండి. మీ సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు."

"మీరు చెప్పొద్దు. నేను చెప్పేది వినండి చాలు."

ముందు రోజు మిద్దె మీది బాత్రూములో నల్లా సరిగ్గా రావడం లేదని చూడబోయాడట. షాంపూ సీసాల వెనక వంటసోడా డబ్బా, పక్కన తెల్లటి చార కట్టిన గ్లాసు కనిపించాయి. తన డబ్బా ఎవరో పైకి తెచ్చారనుకున్నాడు. కింది బాత్రూముకు పోయి చూస్తే తన డబ్బా అద్దం వెనక అలాగే ఉంది.

"వంటసోడా వంటింట్లో ఉండల్ల. బాత్రూములో దాచిపెట్టుకునేది ఈ లోకంలో నేనొక్కడినే అనుకుంటి," అన్నాడు. "అప్పుడు అన్నీ ఒకటొకటి తెలిసొచ్చినాయమ్మా. తిన్న వెంటనే పైకి పోతాది. నల్లా తిప్పి పెడ్తాది. నేనూ తిప్పి పెడ్తా. ఎందుకో నాకు గాక ఎవరికి తెలుస్తాది?"

ఆ పెద్దమనిషి అలా నిలబడే ఏడ్చాడు. సిస్టర్ నీళ్ళిచ్చింది, తాగలేదు. నేను ఎంతో జాగ్రత్తగా కాపాడుకొచ్చిన గుట్టును ఒక సోడా డబ్బా చెప్పేసింది. ఇద్దరికీ ఒకటే మందు చెప్పింది నేనే కదా. నాకు భయం వేసింది, దాని అడుగున కొంచెం ఊరట కూడా కలిగింది.

"ఇది నా నుంచే వచ్చిందా?" అన్నాడు.

"నేను పళ్ళ డాక్టర్నండి. అది చెప్పగలిగిన ఆయన ఆదోనికి వస్తాడు."

ఈసారి వానల సంగతి ఎత్తలేదు. "పోదాం. ఆదోనిలోనే పోదాం. నేను ముందర పోతే నా బిడ్డ నా ఎనకాల వస్తాదేమో."

ఇంటికెళ్ళి కూతురితో ఏమన్నాడో తర్వాత ఆమె నాకు చెప్పింది. మధ్యాహ్నం ఆమె బాత్రూములో ఉండగా వచ్చి గడప అవతల కింద కూర్చున్నాడట. తలుపు తట్టలేదు, కేకలేయలేదు. "అమ్మీ, సోడా రవ్వంత చాలు, ఎక్కువేస్తే నోరు పొక్కుతాది. నాకూ ఆ డాక్టరమ్మే చెప్పింది," అన్నాడట. లోపల ఆమెకు ముందు నవ్వొచ్చిందట. ఆ తర్వాత తలుపు తీసి, వాళ్ళ నాయన పక్కన గడప మీద కూర్చుని ఏడ్చిందట.

నాకు ఫోన్ చేసింది. "మీరూ వస్తే వస్తా మేడం," అంది. ఒకపూట సెలవు పెట్టి బస్సెక్కాను.

పత్తి సీజను. ఆదోని అంతా బండ్లు, లారీలు, గాలిలో తేలే దూది పోగులు. ఆసుపత్రి గేటు దగ్గర వాళ్ళ కారు ఆగి ఉంది. అమ్మాయి చున్నీ తల మీదుగా కప్పుకొని వెనక సీట్లో ఉంది. దిగనంటోంది. తల్లి రాలేదు. నేను కారు కిటికీ దగ్గర నిలబడ్డాను. తండ్రి ఒక్కడే చీటీలిచ్చే కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాడు. ఆ వరసలో యార్డు హమాలీలున్నారు, రైతులున్నారు, ఆయన వెనకే ఇంకో మండీ యజమాని కూడా ఉన్నాడు.

కిటికీ లోపలి మనిషి గట్టిగా అడిగాడు: "ఏ డాక్టరుకప్పా?"

"మానసిక డాక్టరుకు."

వెనకాయన ఉలిక్కిపడ్డాడు. "ఏమన్నా, నువ్వీడ? ఎవరికి బాగలేదు?"

తండ్రి వెనక్కి తిరిగాడు. వరండా మొత్తానికి వినపడేలా చెప్పాడు: "నాకేనప్పా. తాగుడు మానల్లని వచ్చినా. శానా ఏండ్లాయ, నా చేత కావడంలే."

వరసంతా ఆయన వైపు తిరిగింది. తర్వాత వరసలో ఉన్న ఒక రైతు, "మంచిపని చేస్తివి సామీ," అన్నాడు. కారులో అమ్మాయి చున్నీ వెనక్కి తోసుకుంది. "నాయన అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడడు మేడం," అంది. తలుపు తీసుకొని దిగి, నేరుగా పోయి ఆయన పక్కన నిలబడి, కిటికీలోకి చేయి చాపింది. "ఇంకొక చీటీ ఇవ్వండి," అంది.

కర్నూలు నుంచి వచ్చే ఆ డాక్టరు సొంతూరు గుంటూరు వైపు, కుర్రవాడే. ఆయన గది అంతకు ముందు సామాన్ల గది, పాత మంచాలు ఇంకా ఒక మూల ఉన్నాయి. ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడి, తర్వాత వాళ్ళు కోరితే కలిపి కూర్చోబెట్టాడు. నన్నూ ఉండమన్నారు. ఇది తన నుంచే వచ్చిందా అని, నన్నడిగిన ప్రశ్నే తండ్రి మళ్ళీ వేశాడు.

"పూర్తిగా మీ వల్లేనని చెప్పలేనండి, సంబంధం లేదనీ చెప్పలేను," అన్నాడు డాక్టరు. "తాగుడుకు సులువుగా లొంగే గుణం కొంత పుట్టుకతో వస్తుంది. తిండితో ఇలా అవస్థ పడే గుణమూ అంతే. ఆ రెంటికీ కొన్ని వేళ్ళు ఒకేచోట ఉంటాయి. మిగిలింది ఇల్లు, పెరిగిన తీరు, చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు."

తండ్రి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఒకటే పత్తి ఇత్తనం ఎర్రనేలలో ఒగ తీరు, నల్లరేగడిలో ఒగ తీరు వస్తాది. అట్లనా సార్?"

"దాదాపు అలాగే."

"అయితే ఇత్తనం నాదే గదా."

"మీ చేతికి మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందండీ? మీరు తయారు చేసింది కాదు కదా."

"మాయమ్మ వారంలో సగం దినాలు ఉపాసముండేది సార్. తినే దినం ఎవరికీ కనపడకుండా తినేది. మేము భక్తి అనుకుంటిమి."

"అవ్వ కూడానా?" అంది అమ్మాయి.

"తెలీదమ్మా, అది భక్తే అయ్యుండొచ్చు," అన్నాడు డాక్టరు. "మనం ఉన్నవాళ్ళ సంగతి చూద్దాం."

ఇక్కడితో అంతా చక్కబడిందని రాయలేను. వరండాలో చెప్పిన మాట మగపెళ్ళివారి దాకా పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. సంబంధం తప్పిపోయింది. తల్లి ఎమ్మిగనూరు వచ్చి నా గుమ్మంలో నిలబడి, "పళ్ళు బాగు చెయ్యమని తెస్తే బతుకు బజార్న పెట్టినారు," అంది. ఆమె బాధ ఆమెది. మా సిస్టర్ బలవంతం చేసి టీ తాగించి పంపింది. ఆ టీ దగ్గర వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు గానీ, తర్వాత డాక్టరు దగ్గరికి ఆమె కూడా రావడం మొదలుపెట్టింది.

మందులతో పాటు డాక్టరు ఒక నియమం పెట్టాడు. అమ్మాయి తిన్న తర్వాత గంటసేపు ఒంటరిగా ఉండకూడదు. ఆ గంట గడిస్తే ఆ ఊపు తగ్గుతుంది. తండ్రి మధ్యాహ్నం మండీ వదిలిపెట్టి ఇంటికొచ్చి ఆమెతో కలిసి తిని, ఆ గంట కూర్చునేవాడు. గవ్వలతో బారాకట్ట ఆడేవాళ్ళు. ఆయనకు దప్పిక రేగేది పొద్దు గూకాక. అప్పుడు ఆమె ఆయన్ని మిద్దె మీదికి తీసుకెళ్ళి ఎదురుగా కూర్చునేది. ఆ రోజు యార్డులో ధర ఎట్లుంది, ఎవరి సరుకులో తేమ ఎంతుంది, అన్నీ అడిగేది. పత్తి వ్యాపారం ఆమె అలా నేర్చుకుంది.

ఇద్దరూ తప్పిన రోజులున్నాయి. దాచడం మాత్రం మానేశారు. "ఈ దినం నాది తప్పింది నాయనా," అని ఆమె చెప్పేది. "నాది మొన్న తప్పింది లే, నీకు నిన్న చెప్తినే," అనేవాడాయన. నా దగ్గరికి పళ్ళకు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసే వచ్చేవాళ్ళు. ఎవరు ముందు కుర్చీ ఎక్కాలని పోట్లాడుకునేవాళ్ళు. మా గది అంత సందడిగా మళ్ళీ ఎప్పుడూ లేదు.

తర్వాత మా సిస్టర్ రిటైరైంది, ఆపై ఎక్కువ కాలం బతకలేదు. నేనూ దిగిపోయాను. ఆ తండ్రి పోయిన కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. ఎప్పుడో పాడైన కాలేయం ఆయన మానేసిన తర్వాత కూడా కోలుకోలేదు. మందు ముట్టకుండానే పోయాడని ఆదోని నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు.

ఒకరోజు బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. ఆ అమ్మాయి ఇప్పుడు మండీ నడుపుతోంది. నేనొచ్చానని తెలిసి యార్డు నుంచి వచ్చి, జొన్నరొట్టె, గుత్తివంకాయ పెట్టి, నాతో పాటు కూర్చుని తిన్నది. తిన్నాక లేవలేదు. తల్లి గిన్నెలు తీసుకెళ్ళింది. మేము కబుర్లు చెప్పుకుంటూ ఉన్నాం. బుగ్గల వాపు తగ్గి, ముఖం కోలగా, కొత్తగా ఉంది.

"మధ్యాహ్నం గంట నాకు అలవాటైపోయింది మేడం," అంది. "ఎవరున్నా లేకున్నా గడిచిపోతుంది. అప్పుడప్పుడు కష్టమైతే డాక్టరుకు ఫోన్ చేస్తా. సాయంత్రం గంటతోనే చిక్కొచ్చింది. అది నాది కాదు గదా, నాయనది. ఆ టయానికి ఆయన కోసం కూసునేదాన్ని. ఇప్పుడు ఎవరి కోసం కూసోవల్లో తెల్దు. అయినా కాళ్ళు మిద్దెక్కుతాయి."

నేను సాయంత్రం బస్సుకు వెళ్ళాలనుకున్నదాన్ని వెళ్ళలేదు. పొద్దు గూకాక ఆమె వెంట మెట్లెక్కాను. మిద్దె మీద రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒక దాంట్లో ఆమె కూర్చుంది. రెండోది చూపించింది. జిన్నింగు మిల్లుల వైపు దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

"ఈరోజు యార్డులో ధర ఎట్లుంది?" అని అడిగాను.

ఆమె నా వైపు చూసి, చెప్పడం మొదలుపెట్టింది.